అత్తింటి డ్రమ్ములు, పుట్టింటి డ్రమ్ములు

మా అత్త నవ్వు మూడు మెట్లుగా వస్తుంది. ముందు భుజాలు కదులుతాయి, తర్వాత పొట్ట, ఆ తర్వాతే చప్పుడు. మామూలు రోజుల్లో దీనివల్ల ఎవరికీ ప్రమాదం లేదు. కానీ ముఖమంతా మూసే రబ్బరు మాస్కు పెట్టుకుని, అరవై మూడు విషపు డ్రమ్ముల మధ్య నిలబడి నవ్వితే మాస్కు అద్దానికి లోపలివైపు ఆవిరి పడుతుంది. ఆవిరి పడితే దారి కనపడదు. దారి కనపడని మనిషి లోపల ఉండకూడదని నిబంధన. అందుకని ఆ డ్రమ్ములు తీసే పని జరిగిన ఆరు వారాల్లో అత్తను పద్నాలుగు సార్లు చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకొచ్చారు. గేటు దగ్గర ఒక రిజిస్టరు ఉండేది. పని మధ్యలో బయటికి వచ్చిన ప్రతిసారీ కారణం రాయాలి. ఆమె వరుసలో పద్నాలుగు గళ్ళలోనూ 'నవ్వు' అని రాసి ఉంది. సర్కారు కాగితాల్లో ఆ మాట నేను చూడడం అదే మొదటిసారి.

ఆమె మా నాన్నకు అక్క. వయసు యాభై ఎనిమిదా, అరవై రెండా అన్నది మనం ఎవరిని అడిగామన్న దాన్నిబట్టి ఉంటుంది. పొట్టి మనిషి, పెద్ద చేతులు. కుడి బొటనవేలికి గోరు లేదు, ఆమ్లం తినేసింది. ముక్కుకు వాసన తెలియదు, అదీ ఆ కార్ఖానా తిన్నదే. "పోతే పోయిందిలేరా. మీ మామ చెప్పులు గుమ్మంలో విప్పినా నాకు దిగుల్లేదు ఇప్పుడు" అంటుంది.

కార్ఖానా అంటే కుళాయిలకూ తలుపు గడియలకూ తళతళలాడే పూత పూసే కార్ఖానా. అది నిలబడ్డ నేల మా తెగది. ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. పాతికేళ్ళకు కౌలు రాసుకున్న కాగితంలో 'తీసుకున్నది తీసుకున్నట్టు అప్పగించాలి' అన్న వాక్యం ఉంది. నా పందొమ్మిదో ఏట ఆ కాగితం చదివి, ఆ వాక్యం కింద నేను రెండు గీతలు గీశాను. అదే సంవత్సరం ఒక సోమవారం ఉదయం యజమాని రాలేదు. మంగళవారమూ రాలేదు. బల్ల మీద సగం తాగిన టీ, గోడకు క్యాలెండరు, వెనక షెడ్డులో అరవై మూడు డ్రమ్ములు. ఇదీ ఆయన అప్పగింత.

ఆ తర్వాత ఏడేళ్ళు రెండు ఆఫీసులు మాతో బంతాట ఆడాయి. తెగ భూమి మా పరిధిలోకి రాదని ఒకటి, కార్ఖానా చెత్త మా పరిధిలోకి రాదని ఇంకొకటి. పాత పుస్తకాల దుకాణంలో దొరికిన రసాయనశాస్త్రం పుస్తకంలోంచి మాటలు ఏరి నేను పదకొండు అర్జీలు రాశాను. పంపే ముందు అత్తకు చదివి వినిపించేవాణ్ణి.

"ఒరే అల్లుడూ, పక్కనే ఉన్న నాకే గుండె దడదడలాడుతోంది. అక్కడెక్కడో కూర్చున్నవాళ్ళు ఇది చదివి పారిపోక ఏం చేస్తారు? కొంచెం తీపిగా రాయకూడదూ?"

నాకు తీపిగా రాయడం చేతకాదు.

అత్త ఇల్లు ఆ షెడ్డు వెనక గోడకు సరిగ్గా ఇరవై అడుగుల దూరంలో ఉంది. నాన్నది దాని పక్కనే. అత్తా మామా కలిసి ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకున్న ఇల్లు అది. కిటికీ ఒకటి వంకర, అది మామ పెట్టింది. ఏటా వానాకాలం మొదలవగానే గోడ కిందినుంచి పసుపుపచ్చటి నీళ్ళు ఆమె వాకిట్లోకి వచ్చేవి. వాకిలినుంచి వీధిదాకా ఇటుకలు పరిచి, వాటి మీద గెంతుకుంటూ వెళ్ళేది. అది చూసి నాకు పళ్ళు పటపటలాడేవి. ఆమెకు మాత్రం మామ గెంతడం చూస్తే నవ్వు.

ఇక డ్రమ్ముల సంగతి. కార్ఖానాలో పదకొండేళ్ళు ఆమె డ్రమ్ముల మనిషి. లారీ మీంచి దింపించడం, దొర్లించడం, దేన్ని ఎక్కడ పెట్టాలో చూడడం ఆమె పని. ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకటి ఆమ్లం. రెండోది పూత తొట్టెల్లో కలిపే తెల్లటి ఉప్పు. వంటకు వాడేది కాదు, సయనైడు. విడివిడిగా ఉన్నంతకాలం రెండూ గమ్మునుంటాయి. కలిస్తే పుట్టే గాలిని రెండుసార్లు పీల్చినవాడు మూడోసారి పీల్చడు. డ్రమ్ముల మీద ఏముందో రాసిన కాగితాలు అంటించే ఉండేవి. మా అత్తకు చదువు రాదు. చదువు వచ్చినవాళ్ళకూ పెద్ద లాభం లేదు, షెడ్డులోని ఆవిరికి నెల తిరక్కుండా కాగితం మీద అక్షరాలు ఎగిరిపోయేవి.

అందుకని ఆమె తన పద్ధతి తాను పెట్టుకుంది. ఆమ్లం డ్రమ్ము వస్తే అత్తింటివాళ్ళ పాత బట్ట ఒకటి చింపి మూత దగ్గరి ఇనుప కడియానికి కట్టేది. ఉప్పు డ్రమ్ము వస్తే పుట్టింటివాళ్ళ బట్ట. కడిగిన నీళ్ళు పోసిన డ్రమ్ములకు ఏమీ కట్టేది కాదు, అవి చుట్టాలు కావు.

"అదేం లెక్క అత్తా?" అని నేనొకసారి అడిగాను.

"మా అత్తింటివాళ్ళనీ పుట్టింటివాళ్ళనీ పక్కపక్కన కూర్చోబెట్టే తెలివితక్కువ మనిషి ఈ భూమ్మీద ఉందా? నిద్దట్లో కూడా నేను ఆ పని చెయ్యను."

"మరి వాళ్ళు ఆమ్లం ఎందుకయ్యారు, మనం ఉప్పు ఎందుకయ్యాం?"

"వాళ్ళను ముట్టుకుంటే కాలుతుంది, తెలిసిపోతుంది. మీ నాన్న చూడ్డానికి పంచదార. నోట్లో వేసుకున్నాకే తెలుస్తుంది."

ఆ రెండు కుటుంబాలకూ పడకపోవడం అత్త పెళ్ళినాడే మొదలైంది. ఫొటోలో ముందు వరుస ఎవరిదన్న దాని మీద. ఆ ఫొటో ఇప్పటికీ ఆమె గోడకుంది. ఒక వైపువాళ్ళు కుడికి, ఇంకో వైపువాళ్ళు ఎడమకు చూస్తుంటారు, అత్త ఒక్కతే కెమెరాను చూసి నవ్వుతుంటుంది. నేను పుట్టినప్పుడు పదకొండు నెలలు రాజీపడ్డారు. తర్వాత మామ దగ్గర తెచ్చిన నిచ్చెన తిరిగి ఇచ్చానని నాన్న, ఇవ్వలేదని మామ. అప్పటినుంచి పాతికేళ్ళుగా ఇద్దరి మాటలూ అత్త మీదుగానే నడుస్తాయి. నాన్న తన అరుగు మీద కూర్చుని, "అక్కా, మీ ఆయన్ని ఆ రేడియో తగ్గించమను" అంటాడు. ఐదడుగుల అవతల కూర్చున్న మామ, "మీ తమ్ముణ్ణి చెవుల్లో దూది పెట్టుకోమను" అంటాడు. అత్త ఏదీ ఎవరికీ చెప్పదు. అక్కర్లేదు కదా.

ఈ సంవత్సరం ఎండలు ముదిరాక ఆఫీసులు రెండూ ఎలాగో ఒక మాట మీదికి వచ్చాయి. విషపు చెత్త తీసే కంపెనీ ఒకటి దిగింది. పనివాళ్ళలో సగం మంది మావాళ్ళే ఉండాలని మా తెగ సంఘం పట్టుబట్టింది. దానికి శిక్షణ వగైరా ఉన్నాయి గనుక, ముందుగా కంపెనీవాళ్ళే ముగ్గురు తెల్లటి సూట్లు వేసుకుని లోపలికి వెళ్ళి చిందరవందరగా ఉన్నదంతా సర్దారు. చాలా శుభ్రమైన మనుషులు. డ్రమ్ములకు వేలాడుతున్న మాసిన గుడ్డలు చూడ్డానికి బాగా లేవని నలభై తొమ్మిదింటినీ కోసి, ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి, దాని మీద 'కలుషితమైన గుడ్డలు' అని అందంగా రాశారు. ముందొక ఫొటో, తర్వాతొక ఫొటో తీశారు.

మర్నాడు గేటు దగ్గర మీటింగు. కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరమ్మ సన్నగా, చెవి మీద పెన్సిలుతో, ఒక్క మాట కూడా దుబారా చెయ్యకుండా మాట్లాడింది. ఏముందో తెలియని డ్రమ్మును మనిషి చేత్తో తెరవకూడదు. దూరంనుంచి తెరిచే యంత్రం ఒకటుంది. అది ఇక్కడికి రావడానికి నాలుగు నెలలు పడుతుంది. వానలకు ఏడు వారాలే ఉంది. డ్రమ్ముల అడుగులు తుప్పుపట్టి ఉన్నాయి, ఈసారి వానకు ఆగేలా లేవు.

ఆ తర్వాత ఆఫీసాయన లేచాడు. ఆయనకు మావాళ్ళు పెట్టిన పేరు తాత్కాలికం. నా చిన్నప్పుడు మా బడిని 'తాత్కాలికంగా' రేకుల షెడ్డులోకి మార్చినాయన ఈయనే. ఆ షెడ్డులో అక్షరాలు దిద్దినవాళ్ళ పిల్లలు ఇప్పుడు అదే షెడ్డులో దిద్దుతున్నారు.

"వానల్లోగా డ్రమ్ములు కదలకపోతే, గోడకు దగ్గరగా ఉన్న ఐదు ఇళ్ళవాళ్ళూ ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది," అన్నాడాయన. "తాత్కాలికంగానే."

ఆ ఐదింట్లో మొదటిది అత్తది. నేను అరవడానికి నోరు తెరిచాను. అంతలో అత్త చెయ్యెత్తింది.

"ఏముందో తెలియకపోవడమేంటి? గుడ్డలు చూస్తే తెలుస్తుంది కదమ్మా?"

"ఏ గుడ్డలు?" అంది ఇంజనీరమ్మ. సర్దిన ముగ్గురిలో ఒకాయన సంతోషంగా సంచి చూపించాడు.

అత్త భుజాలు కదిలాయి. పొట్ట కదిలింది. "కోసేశారా! పదకొండేళ్ళ నా సంసారాన్ని సంచిలో వేసి మూతి కట్టేశారా!" అని గేటు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వింది. ఇల్లు పోతోందని చెప్పిన మీటింగులో నవ్వుతున్న మనిషిని చూసి తాత్కాలికంగారు తన ఫైలు గుండెకు హత్తుకున్నాడు. కాస్త తెరిపిన పడ్డాక ఆమె తన పద్ధతంతా చెప్పింది. అందరూ నవ్వారు. ఇంజనీరమ్మ మాత్రం చెవి మీది పెన్సిలు తీసింది.

"మళ్ళీ చెప్పండి. అత్తింటివాళ్ళంటే ఆమ్లం. ఎవరి అత్తింటివాళ్ళు?"

"నా అత్తింటివాళ్ళే తల్లీ. మీవాళ్ళు ఎలాంటివాళ్ళో నాకు తెలీదు కదా."

"ఎలా కోశారు?" అని ఆమె ఆ ముగ్గురినీ అడిగింది. "ముడి విప్పారా?"

ముడి విప్పడం కుదరలేదట, గంటసేపు చూశారట. చివరికి కత్తెరతో కోశారట. మా అత్త వేసిన ముడి విప్పడం మనిషి వల్ల అయ్యే పని కాదు. కాబట్టి ప్రతి డ్రమ్ము కడియానికీ గోరంత ముడి అలాగే మిగిలి ఉంది. ఆ గోరంత ముక్కను చూసి, సంచిలోని గుడ్డతో జత కలిపి, అది ఎవరి బట్టో చెప్పగలిగితే డ్రమ్ములో ఏముందో తేలిపోతుంది.

ఇంజనీరమ్మ కాసేపు ఆలోచించింది. ఆ స్థలంలో పనిచేసిన మనిషి వాంగ్మూలాన్ని నమ్మవచ్చని నిబంధనల్లో ఉందట, కాకపోతే రుజువు కావాలట. "నేను పది డ్రమ్ములు ఎంచుతాను. మీరు చెప్పండి. మూత అంచున ఎండిపోయిన పొక్కును గీరి నేను కాగితం మీద పరీక్షిస్తాను. పదికి పది సరిపోతే సంతకం పెడతాను, చేత్తోనే తెరుస్తాం, వానల్లోపు అయిపోతుంది. ఒక్కటి తప్పినా యంత్రం వచ్చేదాకా ఆగాల్సిందే. ముందు మీరు శిక్షణ పాసవ్వాలి."

"చదవడం రాదమ్మా నాకు."

"బొమ్మలు వస్తే చాలు."

ఆ వారం రోజులూ నేను అత్తకు ప్రమాదపు గుర్తులు నేర్పించాను. రాత్రింబవళ్ళు పుస్తకాల్లో తలదూర్చే నాకు వారం పట్టింది, ఆమెకు ఒక పూట. పుర్రె బొమ్మకు 'మా మామగారు' అని పేరు పెట్టింది, ఆయన చివరి రోజుల్లో అచ్చం అలాగే ఉండేవాడట. చెయ్యిని ద్రవం కొరికే బొమ్మ చూసి తన బొటనవేలు చూపించి, "దీన్ని చూసే గీశారు" అంది. చచ్చిన చేపా ఎండిన చెట్టూ ఉన్న బొమ్మను చూసి, "ఇది మా పెరడు. ఫొటో ఎప్పుడు తీశార్రా?" అంది. మామ, నాన్న కూడా శిక్షణలో చేరారు. గదికి ఈ మూలా ఆ మూలా కూర్చునేవారు.

మాస్కు సరిగ్గా అతుక్కుందో లేదో చూసే పరీక్ష ఒకటుంది. మాస్కు పెట్టి, తల మీద ఒక ప్లాస్టిక్ టోపీ దించి, అందులోకి చేదు మందు చిలకరిస్తారు. నాలుక్కి చేదు తగిలితే మాస్కులో సందు ఉన్నట్టు. చిలకరిస్తున్నంతసేపూ తల తిప్పాలి, వంగాలి, ఒక నిమిషం పాటు కాగితం చూసి గట్టిగా చదవాలి. మెడలో ఈల వేసుకుని తిరిగే భద్రత ఆయన కాగితం ఇచ్చాడు.

"చదవలేను నాయనా."

"అయితే ఏదో ఒకటి మాట్లాడండి, నిమిషం చాలు. తెలిసిన విషయం."

అత్త తన అత్తింటివాళ్ళ గురించి మొదలుపెట్టింది. అత్తగారి నిద్రతో మొదలై, బావగారి గురకమీదుగా, మరిది మొదటి ఉద్యోగం పోవడందాకా వచ్చింది. ఈలాయన గడియారం చూశాడు. "అయిపోయిందమ్మా, పాసయ్యారు" అన్నాడు. ఆమె వినలేదు. రెండో నిమిషం. మూడో నిమిషం. చివరికి ఈల ఊదాడు.

"అప్పుడే? ఇంకా ఆడపడుచు దగ్గరికే రాలేదు!"

"చేదు తగిలిందా?"

"అయ్యో, వాళ్ళ ముచ్చట్లు చెబుతుంటే వేరే చేదేం తెలుస్తుంది బాబూ?"

పాసయింది. సూటు వేస్తే అందరూ ఒక్కలాగే ఉంటారు గనుక వీపు మీద లావాటి సిరాతో పేరు రాస్తారు. ఈలాయన నన్నడిగాడు, ఈమెను ఏమంటారని. "అత్త" అన్నాను. రాసేశాడు. ఆ రోజునుంచి లారీ డ్రైవర్లదాకా అందరికీ ఆమె అత్తే.

పరీక్ష రోజు పొద్దున్నే షెడ్డులోకి దిగాం. అత్త, ఇంజనీరమ్మ, నాన్న, మామ, నేను, ఈలాయన. రేకుల కంతల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. నేల మీద పరిచిన ప్లాస్టిక్ పట్టా మీద సంచి కుమ్మరించి, నలభై తొమ్మిది గుడ్డలనూ వరుసగా పరిచాం. నేను వాటిని రెండుసార్లు లెక్కపెట్టాను. అత్త మాత్రం పెళ్ళివారింట బట్టలు చూడ్డానికి వచ్చినదానిలా పట్టా చుట్టూ తిరిగింది.

"ఓరి దేవుడా, అందరూ ఇక్కడే ఉన్నారు!"

మొదటి డ్రమ్ము. వంగి ముడి చూసింది, పట్టా దగ్గరికి వచ్చి ఒక వంగపండు రంగు పీలిక తీసింది. "మా అత్తగారి రవిక. ఆమ్లం." ఇంజనీరమ్మ పుల్లతో పొక్కు గీరి, తడిపిన కాగితం మీద పెట్టింది. ఎర్రబడింది. ఆమ్లమే.

రెండోది. "మా చిన్నాన్న దిండు గలీబు. ఉప్పు." కాగితం నీలం. ఉప్పే.

మూడోది బావగారి పైజామా, ఎరుపు. నాలుగోది మరిది తువ్వాలు, ఎరుపు. అయిదోది ఒక ఖాకీ ముక్క.

"ఒరే అల్లుడూ, నీ నాలుగో తరగతి నిక్కరు!"

నీలం. నా నిక్కరు ఇన్నేళ్ళుగా సయనైడుకు కాపలా కాసిందన్నమాట. నేను జీవితంలో ప్రపంచానికి చేసిన మేలు అదొక్కటే అయివుండవచ్చు. నాన్న మాస్కులోంచి ఇకిలించాడు. తొమ్మిది డ్రమ్ములు అయ్యాయి. తొమ్మిదీ సరే.

పదోది వెనక గోడ పక్కది. అడుగున తుప్పు, దాని చుట్టూ పసుపుపచ్చటి చార. అత్త వాకిట్లోకి వచ్చే నీళ్ళకు అదే పుట్టిల్లు. అత్త ముడి చూసింది, పట్టా దగ్గరికి వచ్చింది, నీలం తెలుపు చారల పీలిక ఒకటి చేతిలోకి తీసుకుంది. ఆగిపోయింది.

"ఏమైంది?" అంది ఇంజనీరమ్మ.

"ఇది... వీడు పుట్టినప్పుడు" అని నన్ను చూపించింది. "ఆ పదకొండు నెలలు. ఇద్దరూ మాట్లాడుకుంటున్న రోజులు. ఒకే తానులోంచి ఇద్దరికీ చొక్కాలు కుట్టించారు."

ఆ రెండు కుటుంబాలూ జన్మలో ఒక్కసారి రాజీపడ్డాయి, ఆ రాజీ ఇప్పుడు ఇంటి మీదికి వచ్చింది.

"అక్కా, అది నాది" అన్నాడు నాన్న. మాస్కులోంచి మాట గొట్టంలోంచి వచ్చినట్టుంది. "నేను గుర్తుపడతాను."

"తన చొక్కా తాను గుర్తుపట్టగలిగినవాడు నిచ్చెన ఎవరిదో గుర్తుపట్టడేం? అడుగు మీ తమ్ముణ్ణి" అన్నాడు మామ. "అది నాది."

"అక్కా, ఆ పొట్టకు ఆ చొక్కా ఎప్పుడైనా పట్టిందేమో మీ ఆయన్ని అడుగు."

"అప్పుడు నాకు పొట్ట లేదని చెప్పు!"

"మొదటినుంచీ ఉందని చెప్పు! పెళ్ళి ఫొటో చూడమని చెప్పు!"

అత్త భుజాలు కదిలాయి. ఈలాయన ఈల చేతిలోకి తీసుకున్నాడు.

"అత్తా, నవ్వకండి" అంది ఇంజనీరమ్మ. "అద్దం మూసుకుపోతే మిమ్మల్ని బయటికి తీసుకెళ్ళాలి. మధ్యలో వెళితే పరీక్ష పోయినట్టే."

పొట్ట కదిలింది. అద్దం అడుగునుంచి తెల్లటి ఆవిరి పైకి ఎక్కడం మొదలుపెట్టింది. గడ్డం పోయింది, నోరు పోయింది. ఆమె ఊపిరి బిగబట్టింది. మామా నాన్నా ఇద్దరూ తప్పు తెలుసుకుని ఒక్కసారే నోళ్ళు మూశారు, అది ఇంకా నవ్వొచ్చేలా ఉంది. నేను ఏదో ఒకటి చేసి ఆమె నవ్వు ఆపాలని, "అత్తా, ఇల్లు! ఇల్లు ఖాళీ చెయ్యమంటారు, తాత్కాలికంగా!" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ముక్కు కూడా పోయింది. కళ్ళ దగ్గర రెండువేళ్ళ వెడల్పు అద్దం మిగిలింది.

ఆ సందులోంచి చూడ్డానికి ఆమె పీలికను తలకంటే ఎత్తుగా, రేకు కంతలోంచి పడుతున్న ఎండకు అడ్డంగా పట్టుకుంది. గుడ్డలోంచి వెలుగు వచ్చింది. చారల మధ్య ఒకచోట చిరుగు, ఆ చిరుగు మీద కుట్టు. సన్నటి, దగ్గరదగ్గర కుట్టు, చీమల బారు నడిచినట్టు.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు.

"ఇది నా కుట్టు కాదు" అంది. "నేను కుడితే గుడ్డే ఏడుస్తుంది, మీ మామనడుగు. ఇది మరదలి కుట్టు."

మరదలంటే మా అమ్మ. అమ్మ పోయి ఆరేళ్ళు. నాన్న చెయ్యి చాచి, మళ్ళీ ఆ గుడ్డ ముట్టుకోకూడదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. మామ నేల చూపులు చూస్తూ, "వాడిదేలే" అన్నాడు. అత్తతో కాదు, ఎవరితోనూ కాదు.

"పుట్టింటిది" అంది అత్త. "ఉప్పు."

ఇంజనీరమ్మ గీరింది. కాగితం తడిపింది. ఒకటి, రెండు, మూడు అని నేను మనసులో లెక్కపెట్టాను. నాలుగు దగ్గర కాగితం అంచు నీలమైంది, ఆ తర్వాత కాగితమంతా నీలమే.

అప్పుడు అత్త నవ్వింది. ఈలాయన ఈల ఊదుతూనే నవ్వాడు, ఆ చప్పుడు వర్ణించలేను. బయటికి నడిపించుకొచ్చి రిజిస్టరులో మొదటిసారి ఆ మాట రాసింది ఆ రోజే.

తర్వాత పని చకచకా సాగింది. ఇంజనీరమ్మ సంతకంతో పైకి వెళ్ళిన పట్టీలో ప్రతి డ్రమ్ముకూ ఆధారం చూపించాలి. ఆమె దేన్నీ దాచే మనిషి కాదు. 'డ్రమ్ము ఇరవై రెండు, ఆమ్లం, ఆధారం: మరిది తువ్వాలు' అని నలభై తొమ్మిది వరుసలు రాసింది. పైఆఫీసులో అది చదివిన మనిషి ఎవరో నాకు తెలియదు. మళ్ళీ ప్రశ్నలేవీ రాలేదు. డ్రమ్ములు ఒక్కొక్కటే తెరిచాం, పంపుతోనూ పారతోనూ కొత్త డ్రమ్ముల్లోకి మార్చాం, కొత్త గుర్తులు అంటించాం. గుర్తు తలకిందులుగా అంటిస్తే అత్త ఊరుకునేది కాదు. "మా మామగారిని శీర్షాసనం వేయిస్తావా?"

ఆఖరి రోజు రెండు లారీలు వచ్చాయి. ఆమ్లం ఒకదానిలో, ఉప్పు ఇంకొకదానిలో. రెండింటి మధ్య అరగంట తేడా ఉండాలి. అంటే ఒకటి ముందు వెళ్ళాలి, ఒకటి వెనక. ఏది ముందన్నది నిబంధనల్లో లేదు.

"మాది ముందు" అన్నాడు మామ, ఆమ్లం లారీ మీద చెయ్యి వేసి.

"అదేం? మాది ముందే నిండింది" అన్నాడు నాన్న.

"ఫొటోలో ముందు వరుస మీరు లాక్కున్నారు, చాలదా?"

"లాక్కున్నామా? నీ మెడ పొడుగు బావా, వెనక నిలబడ్డా పడతావు, అందుకని వెనక్కి పంపాం!"

"నా మెడ సంగతి నీకెందుకురా? ముందు నా నిచ్చెన తెచ్చివ్వు!"

అప్పుడు గాని నాకు తట్టలేదు. బావా అన్నాడు. రా అన్నాడు. పాతికేళ్ళ తర్వాత ఇద్దరూ నేరుగా మాట్లాడుకుంటున్నారు, మధ్యలో అత్త లేకుండా. డ్రైవర్లిద్దరూ ఇంజన్లు ఆపి కిందికి దిగి వింటున్నారు. అత్త షెడ్డులో ఊడుస్తున్నదల్లా చీపురు వదిలేసి గుమ్మంలోకి వచ్చింది. భుజాలు, పొట్ట, అద్దం. పద్నాలుగోసారి. ఇంజనీరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నడిపించబోయి, రెండడుగులు వేసి, తానే ఆగిపోయింది. ఆమె మాస్కు అద్దం కూడా తెల్లగా ఉంది. ఆరు వారాల్లో ఆ మనిషి నవ్వడం ఎవరమూ చూడలేదు, ఆ రోజు కూడా చూడలేదు, ఆవిరి తప్ప. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక అక్కడక్కడే తిరిగారు. చివరికి ఈలాయన ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని గేటు దాటించాడు. రిజిస్టరులో ఇంజనీరమ్మ వరుసలో ఉన్న ఒకే ఒక్క గడి అదే. కారణం: నవ్వు.

ఉప్పు ముందు వెళ్ళింది. రూపాయి బిళ్ళ ఎగరేసి తేల్చారు. అందులో మోసం జరిగిందని మామ ఇప్పటికీ నాన్నతో అంటున్నాడు, నేరుగానే.

నాలుగో రోజు మధ్యాహ్నం వాన వచ్చింది. ఐదిళ్ళవాళ్ళమూ అత్త అరుగు మీద గుమిగూడాం. తాత్కాలికంగారు గొడుగు పట్టుకుని వచ్చాడు, ఆయన ఫైల్లో ఐదు నోటీసులున్నాయి. గోడ కిందినుంచి నీళ్ళు రావడం మొదలైంది. అందరం మెడలు చాచాం. పాయ ఇటుకల మధ్యకు వచ్చింది, మొదటి ఇటుకను చుట్టింది, రెండోదాన్ని చుట్టింది.

"బురద!" అని కేకేసింది అత్త. "ఒట్టి బురద! చూడండ్రా, ఎంత చక్కటి బురదో!"

షెడ్డు కింది మట్టిని ఇంకా తవ్వి పరీక్షించాలి. ఆ నీళ్ళలో చేతులు పెట్టొద్దని ఇంజనీరమ్మ మరీమరీ చెప్పి వెళ్ళింది. మట్టి తవ్వడం ఎప్పుడంటే ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును చూపిస్తోంది. నా పన్నెండో అర్జీ సగం అయింది, ఇందులోనూ తీపి లేదు. కానీ ఆ పూట నేను కూడా ఆ బురదను చూసి పళ్ళికిలించుకుంటూ నిలబడ్డాను, అబద్ధం చెప్పను.

తాత్కాలికంగారు బురదను చూశాడు, అత్తను చూశాడు, వంకర కిటికీని చూశాడు. ఫైలు మూశాడు.

"సరేనమ్మా. ఖాళీ చెయ్యాలన్న ఉత్తర్వు తాత్కాలికంగా వెనక్కి తీసుకుంటున్నాం."

అత్త భుజాలు కదిలాయి.

"తాత్కాలికంగానా? హమ్మయ్య! అయితే ఇంక మా మనవలదాకా ఢోకా లేదు."